నల వెళ్లి పింగళ వచ్చిన ఏడు

ఉగాది పచ్చడీ ఓట్ల లెక్కింపూ ఒకే వేళకు వచ్చిన ఏడాది 1977. మార్చి మూడో వారం ముగిసే ఆ రోజుల్లోనే నల నామ సంవత్సరం వెళ్లి పింగళ వచ్చింది. గుడి మండపంలో సిద్ధాంతిగారు కొత్త పంచాంగం విప్పి ఆ ఏటి రాజెవరో, మంత్రెవరో, ఏ రాశికి ఆదాయమెంతో వ్యయమెంతో వినిపిస్తుంటే, పంచాయతీ ఆఫీసు రేడియో మరో రకం రాజపూజ్యాలూ అవమానాలూ చదువుతోంది. రాయ్‌బరేలీలో ప్రధాని ఇందిరా గాంధీ ఓడిపోయారు. పక్కనే అమేథీలో కొడుకు సంజయ్ ఓడిపోయారు. ఉత్తరప్రదేశ్‌లోని 85 స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు. బీహార్‌లోని 54లోనూ అంతే. ఏ సిద్ధాంతీ ఇంత చెప్పలేదు. పత్రికలూ చెప్పలేదు. జనవరి దాకా ఎమర్జెన్సీ సెన్సారు అధికారి చూసి వదిలిందే అచ్చువేసుకున్న పత్రికలకు జనం మనసులో ఏముందో తెలిసే దారి ఎక్కడిది?

2027 మార్చికి ఆ ఎన్నికలకు యాభై ఏళ్లు నిండుతాయి. సభలు జరుగుతాయి, ప్రత్యేక సంచికలు వస్తాయి, ఆనాడు జైలుకెళ్లి ఇంకా మన మధ్య ఉన్నవారికి శాలువాలు కప్పుతారు. కప్పవలసిందే. అయితే దేశం ఆ సంవత్సరం మొత్తాన్నీ ఒక్క మార్చి నెలకు కుదించి గుర్తుపెట్టుకుంది. ఏడాదికి నెలలు పన్నెండు. మన తెలుగు నేలకు సంబంధించినంత వరకు అందులో మరిచిపోలేని నెల నవంబరు. ఢిల్లీ వాళ్లకది ఎమర్జెన్సీ పోయిన ఏడు, దివిసీమ వాళ్లకు ఉప్పెన వచ్చిన ఏడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆ ఏడాది మనకు పూర్తిగా అర్థం కాదు.

జనవరి నుంచే మొదలుపెడదాం. ఆ నెల 3వ తేదీ నుంచి 42వ రాజ్యాంగ సవరణలో చాలా భాగం అమల్లోకి వచ్చింది. పీఠికలో సామ్యవాద, లౌకిక అన్న మాటలు చేరింది ఆ సవరణతోనే. లోక్‌సభ గడువు ఐదేళ్ల నుంచి ఆరేళ్లకు పెరిగిందీ దానితోనే. 1971లో ఎన్నికైన సభకు అప్పటికే రెండుసార్లు ఆయుష్షు పోశారు. ఇక ఎన్నికలు ఇప్పట్లో ఉండవని అందరూ అనుకుంటున్న సమయం. తెలుగునాట ఆ సంక్రాంతికి జనం దృష్టి వేరే యుద్ధం మీద ఉంది. జనవరి 14న ఎన్టీఆర్ ‘దాన వీర శూర కర్ణ’, కృష్ణ ‘కురుక్షేత్రం’ ఒకే రోజు విడుదలై థియేటర్ల దగ్గర రెండు భారత యుద్ధాలు జరుగుతున్నాయి. నాలుగు రోజులకు, జనవరి 18న, ఇందిరా గాంధీ రేడియోలో మాట్లాడి లోక్‌సభ రద్దవుతుందనీ మార్చిలో ఎన్నికలనీ ప్రకటించారు.

ఎందుకు పెట్టారో ఈనాటికీ ఎవరి మాట వారిది. గెలుస్తానని నిఘావర్గాలు నమ్మబలికాయని కొందరు, విదేశాల్లో వస్తున్న విమర్శ ఆమెను బాధించిందని కొందరు, నెహ్రూ కూతురు కదా, ఎంత చెడ్డా ప్రజల తీర్పు లేని పదవి ఆమెకు రుచించలేదని ఇంకొందరు. మూడూ కొంత కొంత నిజమై ఉండవచ్చు. అదే జనవరి చివర సుప్రీంకోర్టులో మరో సంగతి జరిగింది. ఎమర్జెన్సీలో నిర్బంధితుడికి కోర్టుకెక్కే హక్కు కూడా లేదని 1976లో నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెబితే, కాదని విడిగా రాసిన ఒకే ఒక్కరు హెచ్.ఆర్.ఖన్నా. వరస ప్రకారం ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయన వెనకనున్నవారికి ఇచ్చారు. ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఒక చేత్తో ఎన్నికలు, ఇంకో చేత్తో ఇది. ఆ ప్రభుత్వం మనసు ఒకవైపు పూర్తిగా తిరగలేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాతి రెండు నెలలూ పరుగే. జైళ్లలోంచి నిన్న మొన్న బయటికొచ్చిన నాయకులు నాలుగు పార్టీలను కలిపి జనతా అన్నారు. గుర్తు కూడా సొంతానిది లేదు, భారతీయ లోక్‌దళ్ వాళ్ల చక్రంలో నాగలి పట్టిన రైతును వాడుకున్నారు. ఫిబ్రవరి 2న జగ్జీవన్ రాం కేంద్ర మంత్రివర్గం నుంచి తప్పుకోవడంతో గాలి మళ్లింది. ఢిల్లీ రాంలీలా మైదానంలో సభ జరిగే ఆదివారం సాయంత్రం జనం ఇళ్లు కదలకుండా ఉండాలని దూరదర్శన్‌లో ‘బాబీ’ సినిమా వేశారని చెప్పుకుంటారు. జనం సినిమా మానుకుని సభకు వెళ్లారు. ఫిబ్రవరి 11న రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ కన్నుమూశారు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ కాగితం మీద సంతకం చేసిన చెయ్యి అది. రద్దు కాగితం మీద సంతకం చేసే వంతు తాత్కాలిక రాష్ట్రపతి బి.డి.జత్తికి వచ్చింది.

మార్చి కథలో అందరూ చెప్పేది ఓటరు వివేకం గురించి. దానికి లోటు లేదు. కానీ ఆ కథలో ఇంకో చిన్న పాత్ర ఉంది, దాని దగ్గర కాసేపు నిలబడాలి. రాయ్‌బరేలీలో 1971లో రాజ్‌ నారాయణ్ లక్షకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆ ఎన్నిక చెల్లదని కోర్టుకు వెళ్లారు, 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టులో గెలిచారు, ఆ నెలాఖరుకే జైల్లో పడ్డారు. ఆరేళ్ల తర్వాత అదే చోట, అదే ప్రత్యర్థి మీద 55 వేల ఓట్ల ఆధిక్యం వచ్చింది. వచ్చిందన్నది లెక్క. ఆ లెక్క ఫలితం కావాలంటే జిల్లాలో రిటర్నింగ్ అధికారి ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. పెట్టే వేళకు దేశంలో ఎమర్జెన్సీ ఇంకా అమల్లోనే ఉంది. ఓడిపోయింది ప్రధాని. ఆ అధికారి బదిలీ, పదోన్నతి, భవిష్యత్తు అన్నీ ఆ ప్రధాని ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. జైలు కూడా అని ఆ రోజుల్లో విడిగా చెప్పక్కర్లేదు. సంతకం పెట్టాడు. నిబంధన ప్రకారం చేయవలసిన పని చేశాడు, అంతే. మార్చి 21 తెల్లవారేసరికి ఎమర్జెన్సీ రద్దయింది. రద్దు చేయమని సిఫారసు చేసింది ఓడిపోయిన ఆ మంత్రివర్గమే. 24న మొరార్జీ దేశాయ్ ప్రమాణం చేశారు, 81 ఏళ్ల వయసులో. వీధుల్లో సైన్యం లేదు, తెల్లవారి తర్వాత ఏమవుతుందో అన్న భయం లేదు. ఇరుగు పొరుగు దేశాల్లో అదే ఏడాది ఏం జరిగిందో చూస్తే దీని విలువ తెలుస్తుంది. పాకిస్తాన్‌లోనూ ఆ మార్చిలోనే ఎన్నికలు జరిగాయి. జూలైకి జియా ఉల్ హక్ గద్దెనెక్కాడు.

ఇక మన సంగతి. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో కాంగ్రెస్ 41 గెలిచింది. ఈ అంకె ఎత్తితే తెలుగువారిలో కొందరికి ఇప్పటికీ కాస్త ఇబ్బంది. దేశమంతా నిరంకుశత్వాన్ని తరిమికొడుతుంటే మనం మాత్రం హారతి పట్టామా అని. ఆ ఇబ్బంది అక్కర్లేదు, అలాగని గర్వపడవలసిందీ లేదు. ఉత్తరాదిన ఓటు వేయించింది సిద్ధాంతం కన్నా ఎక్కువగా అనుభవం. 1976-77లో దేశం మొత్తం మీద 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. బడిపంతులు జీతం రావాలన్నా, రైతుకు కాలువ నీళ్లు కావాలన్నా ఆపరేషన్ కేసు చూపించాలన్న దౌర్జన్యం గంగా మైదానంలో నడిచినంతగా ఇటు నడవలేదు. ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర బుల్డోజర్లు నడిచినట్టు మన ఊళ్లలో నడవలేదు. పైగా ఇక్కడ ప్రతిపక్షమంటే ఊరూరా కార్యకర్త ఉన్న పార్టీ ఏది? 1972-73 జై ఆంధ్ర ఉద్యమ గాయాల మీద అప్పుడప్పుడే పొక్కు కడుతోంది. జలగం వెంగళరావు ప్రభుత్వం కటువైనదే, కానీ పాలన నడుస్తోందన్న భావన జనంలో ఉంది. తనకు తగలని దెబ్బ మనిషికి వార్తే అవుతుంది. ఆ వార్త కూడా సెన్సారు కత్తెరలో పోతే ఇక అదీ లేదు.

దెబ్బ తగిలిన ఇళ్లు ఇక్కడ లేవని కాదు. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎదురుకాల్పులన్నారు. అదే ఏడాది డిసెంబరు 1న నక్సలైట్ ఖైదీలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. గిరాయిపల్లి మాట బయటికి వచ్చింది 1977లో, తార్కుండే పౌరహక్కుల కమిటీ తిరిగి చూశాక. తర్వాత భార్గవ కమిషన్ వేశారు. ఆ విచారణ చివరిదాకా నడవలేదు. కేరళలో ఇదే తరహా కథకు ముగింపు వేరేగా ఉంది. కాలికట్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి రాజన్‌ను 1976 మార్చి 1న హాస్టలు నుంచి పోలీసులు పట్టుకుపోయారు. తండ్రి ఈచర వారియర్ ఒక హిందీ అధ్యాపకుడు. కొడుకెక్కడ అని ఆయన ఎక్కని గడప లేదు. కోర్టు గడప ఒక్కటే ఎక్కే వీలు లేకపోయింది, ఎమర్జెన్సీలో ఆ తలుపు సుప్రీంకోర్టే మూసింది. ఎమర్జెన్సీ పోయింది మార్చి 21న. 25న ఆయన హెబియస్ కార్పస్ పిటిషన్ కేరళ హైకోర్టులో ఉంది. అసలు అరెస్టే చేయలేదన్న ప్రభుత్వం చివరకు పోలీసుల చేతుల్లో పోయాడని ఒప్పుకోవలసి వచ్చింది. అప్పుడే ఎన్నికల్లో గెలిచి ముఖ్యమంత్రి అయిన కరుణాకరన్ నెల తిరిగేసరికి ఏప్రిల్ 25న దిగిపోయారు. కొడుకు మాత్రం తిరిగి రాలేదు, ఆ తండ్రికి శవం కూడా దక్కలేదు. 1977 ఇచ్చిన స్వేచ్ఛను కొలవాలంటే లోక్‌సభ సీట్ల లెక్క చాలదు. మార్చి 21కీ 25కీ నడుమ ఉన్న ఆ నాలుగు రోజుల ఎడం కూడా చూడాలి.

తెలుగునాట జనతాకు దక్కిన ఆ ఒక్క సీటు నంద్యాల. గెలిచింది నీలం సంజీవరెడ్డి. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా ఉండి కూడా రాష్ట్రపతి పదవికి ఓడిపోయి, రాజకీయాలు చాలించి అనంతపురం జిల్లాలో సేద్యం చూసుకున్న మనిషి. ఆ ఏడాది ఆయన జాతకం చూడండి: మార్చి 26న లోక్‌సభ స్పీకరు, జూలై 25న రాష్ట్రపతి. అదీ పోటీ లేకుండా. 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లలేదు. ఎనిమిదేళ్ల కింద ఆయనను ఓడించినవారు కూడా ఈసారి సరేనన్నారు. పింగళ నామ సంవత్సరంలో రాజపూజ్యం ఎవరికి ఎక్కువ రాసిపెట్టారో తెలియదు కానీ పడింది మాత్రం సంజీవరెడ్డిగారికి. అదే ఎన్నికల్లో హన్మకొండ నుంచి పి.వి.నరసింహారావు తొలిసారి లోక్‌సభలో అడుగుపెట్టారన్నది అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి.

గెలిచినవారి గురించి కూడా నాలుగు మాటలు నిజాయితీగా చెప్పుకోవాలి. స్వేచ్ఛ పేరుతో వచ్చిన ప్రభుత్వం ఏప్రిల్ నెలాఖరుకే తొమ్మిది రాష్ట్రాల శాసనసభలను ఒక్క దెబ్బకు రద్దు చేసింది. లోక్‌సభ ఎన్నికల్లో ఓడిన పార్టీకి రాష్ట్రాల్లో పాలించే అర్హత లేదన్నది వాదన. 1980లో ఇందిరా గాంధీ తిరిగి వచ్చాక అదే వాదనతో అదే పని చేశారు, అప్పుడు జనతావాళ్లు నోరెత్తలేకపోయారు. జూలైలో మేనకా గాంధీ పాస్‌పోర్టు లాక్కుని, కారణం చెప్పడం ప్రజాప్రయోజనం కాదన్నారు. ఆమె కోర్టుకు వెళ్లారు. మనిషి స్వేచ్ఛను హరించే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని 1978 జనవరి 25న సుప్రీంకోర్టు చెప్పింది. ఈనాడు 21వ అధికరణం కింద మనం అనుభవిస్తున్న హక్కులన్నీ ఆ తీర్పు వేసిన బాట మీదే నడిచాయి. ఎమర్జెన్సీని నడిపిన ఇంటి కోడలు, ఎమర్జెన్సీని దించిన ప్రభుత్వం మీద వేసిన కేసులో దేశానికి దక్కిన హక్కు అది. చరిత్రకు ఈ వెటకారం ఎక్కడిదో.

ఇందిరా గాంధీని అక్టోబరు 3న అరెస్టు చేశారు, మర్నాడే మేజిస్ట్రేటు ఆధారాల్లేవని వదిలేశారు. అంతకు ముందు ఆగస్టులో ఆమె బీహార్‌లోని బెల్చికి వెళ్లి వచ్చారు. మే నెలలో ఆ ఊళ్లో దళితులను చంపి తగలబెట్టారు. వానలకు దారి లేక ఆమె చివరి మైళ్లు ఏనుగు మీద వెళ్లారు. కొత్త ప్రభుత్వం వెళ్లని చోటికి పాత ప్రధాని వెళ్లింది. ఓడిపోయిన ఐదు నెలలకే జనం ఆమె కోసం దారి పక్కన నిలబడ్డారు. ఎమర్జెన్సీ అత్యాచారాల మీద షా కమిషన్ విచారణ సాగుతూనే ఉంది, లక్షా పదివేల మందికి పైగా నిర్బంధించారని లెక్క తేలింది. జనం మాత్రం నిన్నటి పాపాల కన్నా ఇవాళ్టి పాలకుల తగువుల మీద విసుక్కోవడం మొదలుపెట్టారు.

కోకా కోలా దేశం వదిలి వెళ్లిందీ ఆ ఏడాదే. ప్రభుత్వం డబుల్ సెవెన్ అని సొంత డ్రింకు తెచ్చింది, అది పోయింది. అదే ఏడాది పుట్టిన థమ్సప్ మాత్రం తెలుగువారి పెళ్లిభోజనాల దాకా వచ్చి కూర్చుంది. 1977 ఫలితాల్లో ఇంతకాలం నిలిచినవి మరి కొన్నే.

ఇక నవంబరు. పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే లోపల మిగిలిన పల్లపు నేల దివిసీమ. వరి కోతకొచ్చే కాలం. 19వ తేదీ శనివారం. తుపాను ఉందని రేడియో చెప్పింది. చెప్పడం వేరు, చేరడం వేరు. తీరం ఊళ్లలో రేడియో ఉన్న ఇళ్లు ఎన్ని, విన్నా వెళ్లడానికి బస్సు ఏది, బస్సున్నా ఎక్కించుకుపోయి దించే గట్టి కట్టడం ఎక్కడ? నవంబరులో గాలివాన వారికి కొత్త కాదు, పశువుల్ని కొట్టంలో కట్టేసి, తాటాకు కప్పు మీద తాళ్లు బిగించి తలుపేసుకున్నారు. వచ్చింది గాలివాన కాదు. సుమారు ఐదు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్లమీద పడింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. తాటిచెట్టు పట్టుకున్నవాళ్లు, తుమ్మకంపలో చిక్కుకున్నవాళ్లు బతికారు. కంప ముళ్లు ఒళ్లంతా చీరినా ఆ కంపే ప్రాణం నిలిపింది. చంకలో పిల్లను పట్టుకున్న తల్లికి చెట్టు పట్టుకోవడానికి రెండో చెయ్యి ఉండదు. ఆ రాత్రి చనిపోయినవారిలో ఆడవాళ్లూ పిల్లలూ ఎందుకు అంతమంది ఉన్నారో అవనిగడ్డ, నాగాయలంక వైపు ఎవరినడిగినా ఈ ఒక్క మాటతో చెబుతారు. ప్రభుత్వ లెక్కల్లోనే మృతులు పదివేలు దాటారు. శవాలు తీయడానికి మనుషులు చాలలేదు. పశువులను లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది. పొలాల్లో ఉప్పు మిగిలింది.

సరిగ్గా ఆ సాయంత్రమే ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ జెరూసలేం యాత్రకని ఇజ్రాయెల్‌లో విమానం దిగాడు. ప్రపంచ పత్రికల మొదటి పేజీలన్నీ అటు తిరిగి ఉన్నాయి. దివిసీమ వార్త హైదరాబాదుకు చేరడానికే సమయం పట్టింది, తీగలు తెగి, రోడ్లు కొట్టుకుపోయి. అవనిగడ్డ శాసనసభ్యుడు మండలి వెంకట కృష్ణారావు పేరును ఆనాటి సహాయ పనులతో కలిపి ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండేళ్ల కిందటే హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలను ముందుండి నడిపిన మనిషి, బురదలో ఊరూరా తిరిగారు. ఎన్టీఆర్, అక్కినేని జోలె పట్టి రాష్ట్రమంతా తిరిగి విరాళాలు తెచ్చారు. సినిమా తెర మీద కర్ణుణ్ణి చూసిన ఏడాదే, ఆ కర్ణుడు తమ వీధిలో చెయ్యి చాచి అడగడం జనం చూశారు. ఐదేళ్ల తర్వాత ఎన్టీఆర్ పార్టీ పెడితే జనం అంత త్వరగా ఎలా నమ్మారన్నదానికి రాజకీయ విశ్లేషకులు ఏవేవో చెబుతారు. ఆ జోలెను కూడా ఆ లెక్కలో కలుపుకోవాలి.

ఆ తీరానికి ఉప్పెన అదే మొదటిసారా అంటే కాదు. 1864 నవంబరు 1న, అక్కడికి కూతవేటు దూరంలోని బందరును సముద్రం ముంచి దాదాపు ముప్ఫై వేలమందిని పొట్టన పెట్టుకుంది. 113 ఏళ్లలో ఆ జ్ఞాపకం కథగా మిగిలింది, ఏర్పాటుగా మారలేదు. జ్ఞాపకం ఉన్నంత మాత్రాన ప్రాణాలు నిలవవు. ఎత్తయిన స్తంభాల మీద కట్టిన ఒక గది, దానికి ఒక మెట్లదారి, తలుపు తాళం ఎవరి దగ్గరుందో ఊరందరికీ తెలియడం: ప్రాణాలను నిలిపేవి ఇలాంటివి. 1977 తర్వాత కోస్తా అంతటా తుపాను ఆశ్రయ భవనాలు కట్టారు, మామూలు రోజుల్లో వాటిలో బడి నడుస్తుంది. రాడార్లు వచ్చాయి. ముందుగానే ఊళ్లు ఖాళీ చేయించే పద్ధతి వచ్చింది. 1990 మేలో దాదాపు అంత బలమైన తుపానే ఆ తీరాన్నే తాకింది. లక్షలమందిని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపు. వెయ్యి చిన్న అంకె కాదు. అయినా పదమూడేళ్లలో పదివేలు వెయ్యికి దిగిందంటే, అది మన ప్రజాజీవితంలో సాధించిన విజయాల్లో ముందు వరసలో చెప్పుకోవలసింది. దీనికి ఎవరూ విజయోత్సవం చేయరు. పాఠ్యపుస్తకంలో పేరా కూడా ఉండదు. 1996లో కోనసీమకు వచ్చేసరికి మళ్లీ వెయ్యి దాటింది. ఒకచోట నేర్చుకున్నది పక్క జిల్లాకు పాకలేదని తేలింది.

మార్చి ఎన్నికల విషయంలోనూ నిలిచింది ఇలాంటి పనే. జనతా ప్రభుత్వం రెండున్నరేళ్లు కూడా నిలవలేదు. 1980 జనవరిలో ఇందిరా గాంధీ 353 స్థానాలతో తిరిగి వచ్చారు, అందులో ఆంధ్రప్రదేశ్‌వి మళ్లీ 41. ఆమె ఉంచుకున్న సీటు మన మెదక్. గిరాయిపల్లి ఉన్న జిల్లా. ఓటరు మనసు మారుతుంది, మారే హక్కు కోసమే కదా ఓటు. మారనిది జనతా తెచ్చిన 44వ సవరణ. ఆంతరంగిక కల్లోలమన్న వదులు మాటతో ఎమర్జెన్సీ పెట్టే వీలును అది తీసేసింది. సాయుధ తిరుగుబాటైతేనే పెట్టాలని, అదీ మంత్రివర్గం రాతపూర్వకంగా కోరితేనే రాష్ట్రపతి సంతకం చేయాలని, ఎమర్జెన్సీలో సైతం ప్రాణానికీ స్వేచ్ఛకూ ఉన్న హక్కును పక్కన పెట్టరాదని రాసింది. లోక్‌సభ గడువును మళ్లీ ఐదేళ్లు చేసింది. జనతా నాయకులు మొరార్జీ, చరణ్ సింగ్, జగ్జీవన్ రాంల కీచులాటలన్నీ మరుగున పడిపోయాయి, ఈ నాలుగు వాక్యాలు మిగిలాయి. ఇందులోనూ ఒక వెలితి ఉంది. ముందస్తు నిర్బంధం మీద ఆ సవరణ పెట్టిన కట్టుదిట్టాల సెక్షన్‌ను పార్లమెంటు ఆమోదించింది, రాష్ట్రపతి సంతకమైంది, అమలు తేదీ మాత్రం ప్రకటించలేదు. తర్వాత ఢిల్లీలో ఏ రంగు జెండా ఎగిరినా, జైళ్లలో మగ్గామని చెప్పుకునే నాయకులు ఎన్నిసార్లు మంత్రులైనా, ఆ ఒక్క నోటిఫికేషన్ మీద ఎవరికీ చెయ్యి ఆడలేదు. యాభై ఏళ్ల సభల్లో ఉపన్యాసాలిచ్చే పెద్దలను ఈ తేదీ గురించి అడగడం శ్రోతల హక్కు.

ఆనాడు ఓటు వయసు 21. ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956 నవంబరు 1న పుట్టిన బిడ్డకు కూడా 1977 మార్చిలో ఓటు రాలేదు. అంటే ఆ ఎన్నికల్లో వేలికి సిరా వేయించుకున్నవారిలో అందరికన్నా చిన్నవారికి 2027 మార్చి నాటికి డెబ్బై దాటి ఉంటాయి. దివిసీమలో ఆ రాత్రి చెట్టు పట్టుకున్న పదేళ్ల పిల్లలకు అరవై నిండుతాయి. అధికారిక పత్రాలు ఎక్కడికీ పోవు. పోయేది వీరి మాట. మీ ఇంట్లో అంతటివారుంటే, ఆ ఏడాది ఎవరికి ఓటు వేశారని కాదు, ఎందుకు వేశారని అడగండి. అప్పటి కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల తీరంలోని వారైతే ఆ శనివారం ఎక్కడున్నారో, పక్కన ఎవరున్నారో, ఎవరు మిగిలారో పేర్లతో సహా చెప్పించి, తేదీ వేసి రాసిపెట్టండి. ఫోనులో రికార్డు చేసినా చాలు. ఒక ప్రతి ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి, ఈ పత్రికకు పంపితే మేమూ దాచిపెడతాం.